మూల కొరికిన డెల్‌మర్ హూప్

మూడయింది, హూప్ పెట్టెలో లేడు. మళ్ళీ చూశాను. డాలరుకో కార్డు అమ్మే పెట్టెల్లో ముందు వరస, ఎడమ నుంచి మూడోది, పసుపు అట్ట వెనక, సరిగ్గా అక్కడే పెట్టాను పొద్దున, ఈ రెండు చేతులతోనే పెట్టాను. డెల్‌మర్ హూప్, యాభై తొమ్మిదో సంవత్సరం, నాలుగు వందల పదిహేడో నంబరు, పై కుడి మూల కుక్క కొరికిన బేస్‌బాల్ కార్డు. పసుపు అట్ట ఉంది. దాని వెనక కార్డులున్నాయి. హూప్ లేడు. నాలుగింటికి ఈ కార్డుల సంత మూసేస్తారు, ఈలోపు లీలండ్ వస్తాడు, వచ్చి వెతుకుతాడు, అసలు వెతకడానికే వస్తున్నాడు ఆ మనిషి, పియోరియా నుంచి మూడు గంటలు కారులో కూర్చుని, చక్రాల కుర్చీలో, ఒంటి చేత్తో. పోనీ పక్క పెట్టెలో పడ్డాడేమోనని అదీ చూశాను, దాని పక్కదీ చూశాను. వేళ్ళు వాటంతటవే తిరగేస్తున్నాయి, నలభై ఏళ్ళ అలవాటు, నిద్రలో లేపినా తిరగేస్తాయి, పిచర్లు, క్యాచర్లు, ఒక్క వేసవి వెలిగి ఆరిపోయినవాళ్ళు, అసలు వెలగనివాళ్ళు, అందరికీ నాలుగు మూలలూ శుభ్రంగా ఉన్నాయి దరిద్రులకి. ఆరిన్ ఫెస్లర్, డెబ్బై ఒక్కటొచ్చాయి నీకు, ఒక్క అట్టముక్క, ఒక్క పూట జాగ్రత్త చెయ్యలేకపోయావా?

ఎవరైనా వింటే నవ్వుతారు. ఈ హాల్లో ఇల్లు కొనగలిగే ఖరీదు చేసే కార్డులు గాజు కింద పడుకుని ఉన్నాయి, వాటి పక్కన నడుముకి తుపాకులు కట్టుకున్న మనుషులు నిలబడి ఆవలిస్తున్నారు, నెత్తి మీద నుంచి నిమిషానికో విమానం చికాగోలో దిగుతోంది, ఇక్కడ నేను డాలరు కూడా చెయ్యని కార్డు కోసం డాలరు పెట్టెలో తల దూర్చి చెమటలు కక్కుతున్నాను. హూప్ ఎవరయ్యా అంటే ఎవరూ కాదు. రెండు సీజన్లు ఆడాడు, అదీ చాలామటుకు బెంచీ మీద. చెవులు పెద్దవి. బొమ్మలో కెమెరా వంక చూడడు, ఎవరో వెనక నుంచి అన్నానికి పిలిచినట్టు పక్కకి చూస్తుంటాడు. ముప్పై నాలుగేళ్ళుగా అలాగే చూస్తున్నాడు, ఒక ఏడు నా ఇంట్లో, ఒక ఏడు లీలండ్ ఇంట్లో.

తొంభై ఒకటిలో మొదటిసారి మా టేబుళ్ళు పక్కపక్కన పడ్డాయి. నేను ఫోర్ట్ వేన్‌లో స్కూలు బస్సు తోలేవాణ్ణి, లీలండ్ స్టట్జ్‌కి పియోరియాలో సెలూన్ ఉండేది. లోపలికి కుక్కలు రాకూడదని గుమ్మం మీద ఇంత పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా, తన కుక్క మఫిన్‌ని పాత దుప్పట్లో చుట్టి టేబుల్ గుడ్డ కింద కూర్చోబెట్టాడు. అది బుద్ధిగానే ఉంది మూడు రోజులు. నాలుగో రోజు నా చేతిలోంచి ఒక కార్డు జారి కింద పడితే, నేను వంగేలోపు దాని నోట్లో ఉంది. "మీ కుక్క నా సరుకు తినేసిందండీ," అన్నాను, అప్పటికింకా మా మధ్య అండీలు, గార్లు ఉండేవి. అతను కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పి, చొక్కాకి తుడిచి, "హూపా? వీడి జీవితంలో ఇంతకన్నా పెద్ద విశేషం జరగలేదండీ," అన్నాడు. డాలరు ఇమ్మన్నాను. "డాలరెందుకూ? మూల లేదుగా, మిగిలినదానికి యాభై సెంట్లిస్తాను," అన్నాడు, కొరికింది తన కుక్కేనన్న ఇంగితం లేకుండా. అరగంట బేరమాడాం. చుట్టుపక్కల వాళ్ళు టేబుళ్ళు వదిలి వచ్చి చూశారు. చివరికి డెబ్బై అయిదు సెంట్లకి కుదిరింది, ఆ పూటే అండీలు పోయాయి. మళ్ళీ ఏడు వచ్చినప్పుడు నాతో, "నీ హూప్ నా టేబుల్ మీద ఎక్కడో ఉన్నాడు. గంటలో కనుక్కుంటే నువ్వు కొనుక్కోవాలి. కనుక్కోలేకపోతే రాత్రి భోజనం ఖర్చు నీది," అన్నాడు. అలా మొదలైంది. ఎవరి పిచ్చి వాళ్ళకానందం.

ఎక్కడెక్కడ దాచాం దేవుడా. ఒకసారి మరో కార్డు వెనక, ఒకే తొడుగులో. ఒకసారి నా టోపీ పట్టీలో, గంటసేపు అతని ముక్కు ముందే తిరిగాను. ఒకసారి ఆ గాడిద దాన్ని గాజు పెట్టెలో నట్టనడుమ, కింద నల్ల మఖమలు గుడ్డ పరిచి, నాలుగు వేల డాలర్లని చీటీ రాసి పెట్టాడు, నేను దాని మీదే మోచేతులాన్చి వెతికాను. పిలిచి చూపించినప్పుడు నేలమీద కూర్చుని నవ్వాడు, మోకాళ్ళు పట్టేసి లేవలేకపోతే ఇద్దరు మనుషులు లేవదీశారు. పాత కార్డులు చూపిస్తామంటూ వచ్చే దొంగలని ఆమడ దూరం నుంచి పట్టేస్తాను నేను, ధర పెరగాలని అంచు వెంట్రుకవాసి కత్తిరించినా భూతద్దం లేకుండా చెబుతాను, అరిగిన మూల పదును చేసినవాణ్ణి నా టేబుల్ దగ్గర నిలబడనివ్వను, కానీ హూప్‌ని మాత్రం ఎప్పుడూ భూతద్దం కింద పెట్టలేదు. పెట్టేదేముంది, చుట్టాన్ని ఎవరైనా భూతద్దంలో చూస్తారా. వీపు మీద బబుల్‌గమ్ మరక ఒకటుండేది మొదట్లో, తొంభై ఎనిమిదిలో అనుకుంటా, ఇంటికెళ్ళి చూస్తే కనబడలేదు, తడి తగిలి పోయుంటుందిలే అనుకున్నాను. కొరికిన గుర్తు మాత్రం అలాగే ఉంది, బొటనవేలు పెడితే సరిగ్గా అమిరే గుంట. మఫిన్ తొంభై ఆరులో పోయింది. దాన్ని తల్చుకోవాలనిపిస్తే ఆ గుంటలో వేలు పెట్టుకునేవాణ్ణి. మంచి కుక్క.

పైకెప్పుడూ చెప్పుకోని రూలు ఒకటుంది. హూప్‌ని ఇంటికి తీసుకెళ్ళినవాడు మళ్ళీ ఏడు తీసుకురావాలి. పోస్టులో పంపడాలు, ఎవరి చేతికో ఇచ్చి పంపడాలు లేవు. వెర్నా పోయిన ఏడు నేను సంతకి రాకూడదనుకున్నాను, భార్య పోయినవాడికి బొమ్మలమ్ముకోవడం ఏమిటని, వ్యాన్ కూడా బేరం పెట్టేశాను. ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద హూప్ పక్కకి చూస్తూ ఉన్నాడు. పొద్దున కాఫీకి పాలు తీస్తుంటే వాడు, రాత్రి చల్లారిన సూపు తీస్తుంటే వాడు. జూలైలో సంత దగ్గరపడేసరికి వ్యాన్ బేరం మానేసి టైర్లు మార్పించాను. లీలండ్ గుండె ఆపరేషన్ చేయించుకున్న ఏడు హూప్ అతని దగ్గరుంది, కుట్లు ఆరకముందే వచ్చాడు, జేబు మీద చెయ్యి పెట్టుకుని, గుండెకోసమో కార్డు కోసమో తెలీదు. ఎవరి దగ్గరుంటే వాడు ఆ ఏడంతా బతికి తీరాలి, అంతే లెక్క. మరి ఈ మార్చిలో లీలండ్ వంటింట్లో పడిపోయినప్పుడు హూప్ నా దగ్గరుండిపోయాడు. ఇలాంటివి నమ్మను నేను, చర్చికే సరిగ్గా వెళ్ళను, అయినా ఆసుపత్రి నుంచి వాళ్ళమ్మాయి జోలీన్ ఫోను చేసినప్పుడు మొదట చూసింది ఫ్రిజ్ తలుపు వంకే. పక్షవాతం. కుడి చెయ్యి పడిపోయింది, సగం మొహం జారింది. ఏ చేత్తో నలభై ఏళ్ళు జనాల జుట్టు కత్తిరించాడో ఆ చెయ్యి.

పోయిన వారం జోలీన్ మళ్ళీ చేసింది. "నాన్న అన్నీ వద్దంటున్నాడు, ఆరిన్ అంకుల్. తిండి వద్దు, చేతికి వ్యాయామం వద్దు, మాట్లాడ్డం వద్దు. ఆదివారం సంతకి తీసుకెళ్తావా అని మాత్రం తనంతట తనే అడిగాడు. అదొక్కటే." ఆ పిల్ల గొంతులో ఏడుపు దాచుకోవడం వినబడింది. అప్పుడే అనుకున్నాను, ఈసారి గొప్పలకి పోకూడదు, దాచకుండానే దాచాలి, కుర్చీలో కూర్చుంటే ఎడం చేతికి అందే ఎత్తులో, ముందు వరసలో, పసుపు అట్ట అడ్డం పెట్టి మరీ. అతను కనుక్కోవాలి, కొనాలి, జేబులో వేసుకుని ఇంటికెళ్ళాలి. వెళ్తే వచ్చే ఏడు రావాలి. రావాలంటే తినాలి, ఆ చెయ్యి ఆడించాలి. ఇంతకన్నా నాకు తెలిసిన వైద్యం లేదు.

ఇక తప్పంతా నాదే. మూడింటి దాకా హూప్ చొక్కా జేబులో ఉండాలి, మూడింటికే దాచాలి, అదీ రూలు. జోలీన్ పొద్దున ఫోను చేసి పన్నెండుకల్లా వచ్చేస్తామంది, నేను కంగారుపడి పెట్టెలో పెట్టేశాను. పన్నెండయింది, రాలేదు. దారిలో ఆయనకి కళ్ళు తిరిగాయి, కాసేపు ఆగి వస్తామంది. సరే అన్నాను, పోనీ హూప్‌ని వెనక్కి తీసి జేబులో వేసుకోవచ్చుగా, ఊహూఁ, కస్టమర్లొచ్చారు. ఆదివారం ఒంటిగంట దాటితే మా పద్ధతి వేరు. అప్పటిదాకా ఒక్కో కార్డూ పట్టుకుని గీచి గీచి బేరమాడినవాళ్ళం, ఇంటికి మోసుకెళ్ళే బరువు తగ్గాలని జానెడు లెక్కన అమ్ముతాం. బొటనవేలు, చిటికెనవేలు చాపి, మధ్యలో ఎన్ని పడితే అన్ని, నలభై డాలర్లు. కొనేవాడు కట్ట కడతాడు, అమ్మేవాడు జానెడు పెట్టి చూస్తాడు. లోపలేముందో విప్పి చూడకూడదు, చూస్తే పరువు తక్కువ. నేను ఏనాడూ చూడలేదు. ఇవాళా చూడలేదు. ప్యాంటు జారకుండా భుజాల మీదుగా గోధుమరంగు పట్టీలు, అదే సస్పెండర్లు, వేసుకున్న లావుపాటాయన, చెవి మీద పెన్సిలు, చేతిలో ఎనిమిది మడతలు పెట్టిన జాబితా. "యాభై తొమ్మిది సెట్టుకి ఇంకా కొన్నే మిగిలాయి సార్, పంతొమ్మిదేళ్ళ నుంచి పోగేస్తున్నా. మూలలు పోయినా పర్లేదు, నంబరుంటే చాలు," అన్నాడు. మూలలు పోయినా పర్లేదట. విన్నానే, ఈ చెవులతోనే విన్నానే! జానెడు పెట్టాను, కాస్త ఎక్కువే పట్టించుకోండి అన్నాను, దాత కర్ణుడిలా. వెళ్తూ వెళ్తూ ఎంత నవ్వాడనీ. ఎందుకు నవ్వాడో ఇప్పుడర్థమవుతోంది.

"ఏం పోయింది పెద్దాయనా, నీ పళ్ళసెట్టా?" పక్క టేబుల్ నుంచి కెండ్రా అరిచింది. ముప్పై నాలుగేళ్ళలో మొదటిసారి లీలండ్ చోటులో వేరే మనిషి. తళతళలాడే కొత్త కార్డులు, కళ్ళు పోయే దీపాలు, రోజంతా ఫోనులో లైవ్ పెట్టి, చూసేవాళ్ళతో మాట్లాడుతూ అందులోనే అమ్ముతుంది, గురువారం నుంచి నేను ఆ పిల్లతో మొహం మాడ్చుకునే ఉన్నాను, ఆ చోటులో కూర్చోవడం ఆమె తప్పయినట్టు. చెప్పాను. ఎందుకు చెప్పానో తెలీదు, మొత్తం చెప్పేశాను, కుక్క దగ్గర నుంచి. ఆమె నవ్వలేదు. ఫోను తనవైపు తిప్పుకుని, "ఏమండోయ్, హాల్లో ఉన్నవాళ్ళు వినండి! సస్పెండర్లేసుకున్న లావుపాటి పెద్దమనిషి, చెవి మీద పెన్సిలు, ఎక్కడ కనబడినా పట్టుకోండి, దొంగ కాదు, మర్యాదగా పట్టుకోండి!" అంది. తర్వాత నాకేసి చూసి, "నుంచున్నావేం? నీ టేబుల్ నేను చూస్తాలే, పరిగెత్తు," అంది. పరిగెత్తడమా. మోకాళ్ళు చూశావా తల్లీ. అయినా నడిచాను, నాకు చేతనైన పరుగది.

నడవాలన్నీ సగం ఖాళీ అయిపోయాయి. నాలుగింటి దాకా సర్దకూడదని ఎన్నిసార్లు మైకులో మొత్తుకున్నా ఎవడు వింటాడు, టేబుల్ గుడ్డల కింద నుంచి రహస్యంగా పెట్టెలు సర్దేస్తున్నారు, దూరంగా టేపు చింపుతున్న చప్పుడు, హాట్‌డాగ్ బండి దగ్గర మాడిన ఉల్లిపాయల వాసన. సస్పెండర్లు. ఎరుపు సస్పెండర్లు, కాదు, అది ఒహాయో వాళ్ళ ఫ్రాంక్. ఈ మలుపులోనే కదా మేం వెర్నా పుట్టినరోజుకి కేకు కోసింది, గాజు పెట్టె మీద, లీలండ్ సెలూన్ కత్తెరతో కోశాడు, వెర్నా నవ్వి నవ్వి... సస్పెండర్లేవి? బయటికెళ్ళిపోయుంటాడు. సెట్టు పూర్తయినవాడు ఎందుకాగుతాడు, కారెక్కి పాట పెట్టుకుని పోతుంటాడు. చివరి వరసలో ఎల్‌వుడ్ ఉంటాడు, పాతకాలం సరుకంతా అతని దగ్గరే, ఇంకో హూప్ దొరికితే? దొరికితే ఏం చేస్తావు? మూల కొరుకుతానేమో. ఆ మాట మనసులో అనుకోగానే చెవులు వేడెక్కాయి. కార్డుల మూలలు మార్చేవాళ్ళని ముప్పై ఏళ్ళు బూతులు తిట్టిన నోరు ఇది, ఈ నోటితోనే కొరికి, జబ్బు మనిషిని మోసం చేసి, ఇదిగో నీ కుక్క పళ్ళు అని చేతిలో పెడతావా? ఛీ. అయినా కాళ్ళు ఎల్‌వుడ్ దగ్గరికే వెళ్ళాయి, నోరు అడిగింది. "నాలుగు వందల పదిహేడా? ఇప్పుడే సస్పెండర్లాయన వచ్చి చెప్పాడు, పంతొమ్మిదేళ్ళ సెట్టులో మిగతావన్నీ దొరికి చివరికి అదొక్కటే మిగిలితే, అదీ నీ దగ్గర దొరికిందటగా," అన్నాడు ఎల్‌వుడ్. "సంతోషం పట్టలేక నన్ను కౌగిలించుకుని మరీ వెళ్ళాడు. కారెక్కేసుంటాడు ఈపాటికి." పంతొమ్మిదేళ్ళు. ఒకే ఒక్క ఖాళీ, అందులోకి మా హూప్. ఆయన్ని తిట్టుకుందామన్నా నోరు రాలేదు.

వెనక్కొచ్చేసరికి మూడున్నర దాటింది, దూరం నుంచే కనబడింది చక్రాల కుర్చీ. అప్పటికే వెతుకుతున్నాడు. కెండ్రా కుర్చీకి చోటివ్వడానికి తన దీపాల స్తంభాలు పక్కకి లాగేసింది, జోలీన్ వెనక నిలబడి నాన్న భుజం మీద చెయ్యి వేసి ఉంది. సన్నబడిపోయాడు, నీలం గళ్ళ చొక్కా భుజాల మీద వేలాడుతోంది, జుట్టు ఎవరో అడ్డదిడ్డంగా కత్తిరించారు, అది చూస్తే లీలండ్‌కి ఎంత మండుతుందో. ఎడం చేత్తో ఒక్కొక్క కార్డూ ముందుకి వాలుస్తున్నాడు, మెల్లిగా, ఎంత మెల్లిగానో, వాలిందాన్ని ఆపడానికి కుడి చేతి సాయం లేదు కాబట్టి పది వాలితే నాలుగు మళ్ళీ వెనక్కొస్తున్నాయి. సరిగ్గా మూడో పెట్టెలో. నేనెంత బాగా తెలుసో ఈ మనిషికి, ఎక్కడ దాచుతానో పియోరియాలో కారెక్కేటప్పుడే తెలిసుంటుంది. "రూలు, మాట్లాడకు," అన్నాడు తలెత్తకుండా. మాటలు సగం మూతిలోంచి సాగి సాగి వచ్చాయి. పసుపు అట్ట దాటాడు. చివరిదాకా వెళ్ళాడు. మళ్ళీ మొదటికొచ్చాడు. జోలీన్ నాకేసి ఆశగా చూస్తోంది, సాయం చెయ్యమని, ఒక సైగైనా చెయ్యమని. రెండోసారి చివరిదాకా వెళ్ళేసరికి అతని చెయ్యి అలిసిపోయి పెట్టె అంచు మీద ఆగింది, అదిగో అప్పుడు అతని మొహంలో కనబడింది, తన చేతి మీద తనకే నమ్మకం పోవడం. నేనా కళ్ళు చూడలేకపోయాను.

"ఆపరా లీలండ్," అన్నాను. "అందులో లేడు. ఎందులోనూ లేడు. జానెడు లెక్కలో అమ్మేశాను."

నేను ఆగలేదు, మొత్తం కక్కేశాను, పన్నెండింటి సంగతి, పసుపు అట్ట, సస్పెండర్లు, ఎల్‌వుడ్ దగ్గరికి నడవడం, ఇంకో హూప్‌ని కొరుకుదామనుకున్న నా నీచపు బుద్ధితో సహా. క్షమించమని కూడా అన్నాననుకుంటా. ముప్పై నాలుగేళ్ళు జాగ్రత్తగా మోసిందాన్ని, మఫిన్ పంటి గుర్తుని, జానెడు బెత్తెడు చూసుకోకుండా ఎవడి చేతిలోనో పెట్టేశానని. కళ్ళనీళ్ళొచ్చాయి, రానీ. లీలండ్ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని జోలీన్ వంగింది. ఏడవడం లేదు వెధవ. నవ్వుతున్నాడు. సగం మొహంతో నవ్వుతున్నాడు, సగం చాలదన్నట్టు కుర్చీ మొత్తం ఊగుతోంది.

"మఫిన్... పళ్ళా?" అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "తొంభై ఎనిమిది... చలికాలం. చొక్కా జేబులో ఉంది. వాషింగ్ మెషీన్లో... వేసేశా."

"ఏమిటి వేసేశావు?"

"హూప్‌ని. ముద్దయిపోయాడు." ఎడం చేత్తో గాలిలో ఉండ చేసి చూపించాడు. "నాలుగు కొన్నా. కుక్క లేదుగా మరి. నేనే కొరికా. మొదటిది చిరిగింది. రెండోది... గుర్రం కొరికినట్టొచ్చింది. మూడోది కుదిరింది."

ఇరవై ఏడేళ్ళు. ఇరవై ఏడేళ్ళుగా కుక్కని తల్చుకుని నేను వేలు పెట్టుకుంటున్న గుంట ఈ మాయదారి మొహం వాడి పళ్ళదా! వెంట్రుకవాసి తేడా పట్టేసే కళ్ళు ఇవి! బబుల్‌గమ్ మరక తడికి పోయిందట, అవును పోయింది, సబ్బు నీళ్ళలో పోయింది. "దొంగ సచ్చినోడా," అన్నాను, "ఒకసారి దాన్ని ముద్దు కూడా పెట్టుకున్నానురా, మఫిన్ అనుకుని!" కెండ్రా టేబుల్ మీద తల పెట్టి నవ్వుతోంది, ఫోనులో ఎవరెవరు చూస్తున్నారో ఏమో, చూడనీ. జోలీన్ నవ్వుతూ ఏడుస్తోంది. లీలండ్ ఎడం చెయ్యి చొక్కా జేబులోకి వెళ్ళి, తడుముకుని, ఒక తొడుగు పట్టుకుని బయటికొచ్చింది. పెద్ద చెవులు. పక్కకి చూపు. నాలుగు మూలలూ సూదుల్లా ఉన్నాయి.

"నాలుగోది," అన్నాడు. "నువ్వు ఎప్పుడో పోగొడతావని తెలుసు. ప్రతి ఏడూ... తెచ్చేవాణ్ణి."

ప్రతి ఏడూ జేబులో పెట్టుకుని తెచ్చాడు, నేను పోగొట్టుకున్న రోజు నేను సిగ్గుపడకూడదని. దాన్ని చేతిలోకి తీసుకున్నాను. అప్పుడన్నాడు, ఇంకా మెల్లిగా, "ఇది నా దగ్గర్నుంచి వచ్చింది. కాబట్టి నువ్వే తీసుకెళ్ళు. ఇక నీ దగ్గరే ఉంచుకో, ఆరిన్." మాట సాగుతూ వచ్చినా అర్థం మాత్రం నేరుగా గుచ్చుకుంది. ఇందుకా వచ్చావు? ఇదొక్కటి నా చేతిలో పెట్టి, రూలు నుంచి తప్పుకుని, ఇక ఎవరికీ బాకీ లేనట్టు వెళ్ళి ఆ కుర్చీలో తలుపు వంక చూస్తూ కూర్చుందామనా? జోలీన్‌కీ అర్థమైంది, ఆ పిల్ల చెయ్యి భుజం మీద బిగుసుకుంది. మైకులో పది నిమిషాలే ఉందని చెబుతున్నారు. నాకు కోపమొచ్చింది, చెప్పలేనంత కోపం, మార్చి నుంచి ఎవరి మీద చూపించాలో తెలీక దాచుకున్నదంతా.

"రూల్స్ నువ్వొక్కడివే మారుస్తావేంరా? మూడు దాటాక నా టేబుల్ మీదున్న హూప్ నాది. అటు తిరుగు."

"ఆరిన్—"

"తిరుగుతావా, నన్ను తిప్పమంటావా?"

జోలీన్ తిప్పేసింది కుర్చీని, నాన్ననడగకుండా. నేను తొడుగు విప్పాను. ఇంత శుభ్రమైన యాభై తొమ్మిది నా చేతికొచ్చి ఎన్నేళ్ళయిందో, అంచులు తెల్లగా, రంగు నిన్న అచ్చేసినట్టు, ఎవడైనా మంచి ధర ఇస్తాడు, కళ్ళకద్దుకుని ఇస్తాడు. కళ్ళు మూసుకుని పై కుడి మూల కొరికాను. పాత అట్ట రుచి, కాస్త దుమ్ము, కాస్త చేదు. పళ్ళు దిగడానికి అనుకున్నదానికన్నా బలం కావాలి, పాపం రెండు పాడయ్యాయంటే అవవా మరి. కెండ్రా కళ్ళు మూసుకుంది, కార్డులమ్మే మనిషి కదా, చూడలేకపోయింది. డాలరని చీటీ రాసి అంటించాను, ఈసారి ముందు వరస కాదు, జాలి చూపిస్తే ఒప్పుకోడు, రెండో వరస, హాకీ కార్డుల మధ్యలో, వెనక్కి తిప్పి పెట్టాను.

"వెతుకు," అన్నాను. "తొమ్మిది నిమిషాలుంది. దొరక్కపోతే భోజనం నీది, స్టేకు తింటాను, పెద్దది."

వెతికాడు. మొదట ఇష్టం లేకుండా, తర్వాత పెదవి కొరుక్కుంటూ, తర్వాత మా ఇద్దరినీ మరిచిపోయి. హాలు చివర దీపాలు ఒక్కో వరసా ఆర్పుకుంటూ వస్తున్నారు. ఎడం చెయ్యి వాల్చిన కార్డులు వెనక్కి పడుతుంటే, మూడోసారికి, ఒళ్ళో పడి ఉన్న కుడి చెయ్యిని ఎడం చేత్తో ఎత్తి పెట్టె మీద పెట్టుకున్నాడు, బరువుకి, అడ్డంగా. ఆ చెయ్యి అక్కడ ఊరికే పడి ఉంది, అయినా వాలిన కార్డులు వాలినట్టే ఆగాయి. జోలీన్ నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. నాలుగింటికి రెండు నిమిషాలుందనగా హాకీ మధ్యలో అతని వేలు ఒక మూల దగ్గర ఆగింది, వెనక్కొచ్చింది, మళ్ళీ తడిమింది. బయటికి తీశాడు. వెలుతురుకి పట్టి చాలాసేపు చూశాడు, సెలూన్లో అద్దం పట్టి వెనక జుట్టు చూపించేటప్పటి చూపది, సంతకొచ్చిన ప్రతిసారీ నా జుట్టు కత్తిరించి నా తల మీద కూడా పెట్టిన చూపు.

"ఎంత?"

"చీటీ చూడు. డాలరు."

"ఇంకా తడారలేదు. మూల కూడా లేదు." గొంతు సర్దుకున్నాడు. "యాభై సెంట్లు."

"డెబ్బై అయిదు. ఒక్క సెంటు తగ్గను."

ఎడం చేత్తో మూడు పావలాలు ఏరి ఒక్కొక్కటే గాజు మీద పెట్టాడు, హూప్‌ని నీలం గళ్ళ చొక్కా జేబులో వేసుకుని పైన రెండుసార్లు తట్టాడు. జోలీన్ కుర్చీ బ్రేకు తీసింది. నాలుగడుగులు వెళ్ళాక చెయ్యెత్తి ఆగమన్నాడు, నాకేసి కాదు, కూతురికేసి తల తిప్పాడు.

"ఈ చొక్కా ఉతికావంటే చంపేస్తా," అన్నాడు. "వచ్చే ఏడు దీంతో పనుంది."